బామణోలి దారిలో ఏడు రోజులు

సోలాపూర్, కుంఠా నాకా
జూన్ 24

కిష్టయ్యా,

కిందటి దసరాకు నువ్వు రాలేదు. అంతకు ముందు దసరాకూ రాలేదు. ఖండే నవమి నాడు నా పన్నెండు మరమగ్గాలకు పసుపు కుంకుమ పెట్టి తోరణం కట్టేది మొదటి నుంచీ నీ చెయ్యే. ఆ సాంచెలు బిగించింది నువ్వు. పదహారేళ్లు జాబర్‌గా వాటి రోగాలు కుదిర్చింది నువ్వు. బిగించినవాడే తోరణం కట్టాలన్నది మా నాన్న పెట్టిన రివాజు. ఇచల్‌కరంజికి పోయాక కూడా తొమ్మిదేళ్లు ఆ ఒక్క రోజు కోసం బస్సెక్కి వచ్చినవాడివి, ఇప్పుడు మాలిక్ సెలవివ్వడంటున్నావు. కిందటేడు నేనే కట్టాను. కట్టిన గంటకే ఏడో నంబరు సాంచె పట్టీ తెగింది. నవ్వకు.

సరే, నువ్వు రానప్పుడు నేనే వస్తాను. అయితే నీ కార్ఖానా చప్పుడులో కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకోవడానికి కాదు. ఇద్దరం కలిసి వారం రోజులు కొండల్లో తిరుగుదాం. నాకు అరవై ఒకటి వచ్చాయి. ఎక్కిన కొండంటూ ఉంటే తుళ్జాపూర్ ఘాటు ఒకటే, అదీ బస్సులో నిద్రపోతూ.

దీపావళి టవళ్ల సరుకు దసరాలోపు పంపేస్తాం. ఆ తర్వాత వారం కార్ఖానా మావాడు చూసుకుంటాడు. అక్టోబరు 14 సోమవారం నేను ఇచల్‌కరంజిలో దిగుతాను. ఆ రాత్రి నీ దగ్గర పడక. మర్నాడు సాతారా. అక్కడి నుంచి కొండ మీది కాస్ పఠారు, అప్పటికి పూలు ఇంకా కొన్ని మిగిలుంటాయట. ఠోసేఘర్ జలపాతం. బామణోలిలో పడవెక్కి తాపోళా. చివర మహాబలేశ్వర్. మా కోడలు నేహా ఫోన్‌లో చూసి ఇదంతా కాగితం మీద రాసిచ్చింది.

ఫోన్ చేయకు. నాకు అందులో మాట కన్నా గీ మనే మోతే ఎక్కువ వినపడుతుంది. ఇంట్లోవాళ్ల చేత మెసేజ్ పెట్టిస్తే మన సంగతి నలుగురి నోళ్లలో పడుతుంది. మన తెలుగు బడి పంతులు బెత్తంతో నేర్పిన పుస్తక భాష ఉంది కదా, అందులోనే రాయి. ఒక్క ముక్క చాలు, సరే అని.

పురుషోత్తం


ఇచల్‌కరంజి
జూలై 11

పురుషోత్తానికి,

నీ ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. కార్ఖానాలో పని ఒత్తిడి.

కొండల మాట బాగుంది గాని, నువ్వు అనుకున్నంత సుళువు కాదు. దసరా దాటినా అక్కడ వాన వదలదు. గడ్డిలో కాలు పెడితే జలగలు. కాస్ మీద పొద్దున పది గంటల దాకా పొగమంచు లేవదు, మనిషికి మనిషి కనపడడు. పూలంటావా, అక్టోబరు సగానికి అన్నీ రాలి కాడలు మిగులుతాయి. ఆ కాడలు చూడటానికి సోలాపూర్ నుంచి రావాలా?

నా మోకాళ్ల సంగతి నీకు తెలియదు. మెట్లు దిగాలంటే దేవుడు కనపడుతున్నాడు. పైగా మా అమ్మాయి పూజ వాళ్లింట్లో సున్నాలు వేయిస్తున్నారు, సామానంతా ఒక గదిలో కుక్కారు. నువ్వు వస్తే పడుకోవడానికి చోటు లేదు. ఇంటికొచ్చిన దోస్తును వరండాలో పడుకోబెడితే అల్లుడి ముందు నాకు తలవంపులు.

వచ్చే ఎండాకాలం చూద్దాం. వసంత వదినెకు నమస్కారం చెప్పు.

కిష్టయ్య


సోలాపూర్, కుంఠా నాకా
జూలై 19

కిష్టయ్యా,

పదిహేడు రోజులు. నేను ఉత్తరం రాసిన నాటి నుంచి నువ్వు జవాబు రాసే నాటికి పదిహేడు రోజులు. ఇచల్‌కరంజి ఏమైనా సముద్రం అవతల ఉందా?

నీ అడ్డంకులు ఒక్కొక్కటే తీస్తాను. జలగలకు ఉప్పు తెస్తాను. పొగమంచు పదింటికి లేస్తే మనమూ పదింటికి లేద్దాం, మనకేం పాలు పితికే పని ఉందా? కాడలైనా చూస్తాను, కాడలు మాత్రం ఏ కాడ చూశాను నేను? మోకాళ్లు నీకొక్కడికే లేవు. సున్నాలు జూలైలో వేస్తే అక్టోబరు దాకా ఆరవా? ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నీ వరస.

పూజ ఇంట్లో చోటు లేకపోతే బస్‌స్టాండులో పడుకుంటాను. అక్కడా చోటు లేదని రాస్తే మాత్రం నేను ఊరుకోను.

ఎండాకాలం అన్నావు. ఎండాకాలం చూడటానికి సోలాపూర్ చాలు. నాకు ఈ శరత్తులోనే కావాలి. కారణం అడగకు. తేదీ రాయి.

పురుషోత్తం


ఇచల్‌కరంజి
ఆగస్టు 6

పురుషోత్తానికి,

కోపం తగ్గించుకో. కొత్త ఆలోచన రాస్తున్నాను. మనిద్దరం పండరీపురంలో కలుద్దాం. నీకు దగ్గర, నాకూ మరీ దూరం కాదు. విఠోబా దర్శనం చేసుకుని, రెండు పూటలు చంద్రభాగ ఒడ్డున కూర్చుని ఎవరి ఊరికి వాళ్లం పోదాం. ఈ వయసులో పుణ్యానికి పుణ్యం.

కొండలే కావాలని మొండికేస్తే మహాబలేశ్వర్ ఒక్కటి పెట్టుకో. బామణోలి వైపు మాత్రం వద్దు. అక్కడ చూడటానికేమీ లేదు. సాయంత్రం బస్సు పోయిందంటే మళ్లీ తెల్లారాకే, అదీ డ్రైవర్ ఆ ఊళ్లోనే పడుకుంటేనే. వానకు కరెంటు పోతే రెండు రోజులు రాదు. టౌన్లో బతికిన మనిషివి, నీవల్ల కాదు. నా మాట విను.

కిష్టయ్య


సోలాపూర్, కుంఠా నాకా
ఆగస్టు 21

శ్రీ కిష్టయ్య గారికి,

తమరు పంపిన పండరీపురం సలహా చదివి ఆనందించాను. పండరీపురం నేను నలభైసార్లు చూశాను. ఆ నలభైలో పదిసార్లు తమరే నా పక్కన ఉన్నారు.

నేహా ఒక మాట అడిగింది. బస్సు డ్రైవర్ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటాడో ఫోన్‌లో ఎంత వెతికినా దొరకలేదట, మీ దోస్తుకు ఎట్ల తెలుసు మామయ్యా అంది. ఏ డ్రైవరో చెప్పి ఉంటాడన్నాను. నీ తరఫున అబద్ధమాడానో నిజమే చెప్పానో నాకు తెలియదు.

ఇంక ఈ ఎగతాళి నాకు చేతకావడం లేదు. కారణం అడగకు అన్నాను కదా, చెప్పేస్తాను.

మొన్న రాఖీ పున్నమికి మార్కండేయుడి రథం మన పేటలోకి వచ్చింది. ఏటా మలుపు తిరగకముందే తాషాల మోత నా గుండెలో కొట్టేది. ఈసారి రథం కళ్ల ముందుకు వచ్చేదాకా నాకు తెలియలేదు. వసంత చెయ్యి పట్టి లాగింది. కుడి చెవి పూర్తిగా పోయింది కిష్టయ్యా. ఎడమ చెవి కొంచెం ఉంది. ఎన్నాళ్లుంటుందని డాక్టరమ్మను అడిగితే, వచ్చే ఏడాదికి ఉంటుందని మాటివ్వలేను అని కాగితం మీద రాసి చూపించింది. నలభై ఏళ్ల సాంచెల మోత, ఊరికే పోతుందా? చెవికి మిషను పెట్టారు. అది మాటనూ పెంచుతుంది, మోతనూ పెంచుతుంది. పెట్టుకుంటే ఇల్లే కార్ఖానా అయింది, తీసి డబ్బాలో పెట్టాను.

మన జన్మంతా ఆ మోతలో సైగలు చేసుకుంటూ బతికాం. సాంచె ఆపు, దారం తెగింది, చాయ్ తాగుదాం పా, అన్నీ చేతులతోనే. పదహారేళ్లు ఒకే కప్పు కింద ఉండి నీతో ఒక్క గంట నింపాదిగా మాట్లాడిన గుర్తు లేదు నాకు. ఏ చప్పుడూ లేని చోట కూర్చుని ఈ మిగిలిన చెవితో నీ మాట వినాలి. నాకు కావాల్సింది అదే. దానికి నువ్వు నన్ను విఠోబా దగ్గరికి పంపుతున్నావు.

పురుషోత్తం


ఇచల్‌కరంజి
సెప్టెంబరు 5

పురుషోత్తమా,

ముందే ఎందుకు రాయలేదు? జూన్‌లోనే రాసి ఉంటే నేను ఇన్ని కథలు చెప్పేవాణ్ణా? చదివిన తర్వాత రెండు పూటలు అన్నం దిగలేదు.

వస్తాను. అయితే ఏడు రోజులు నావల్ల కాదు. రెండు రోజులు దొరుకుతాయి, అవీ కాళ్లు పట్టుకుంటే. మహాబలేశ్వర్‌లో కలుద్దాం. నువ్వు ఇచల్‌కరంజికి రావద్దు, నేరుగా అక్కడికే రా, నేనూ నేరుగా వస్తాను. ఒక మూల గది తీసుకుని కూర్చుందాం. బామణోలి, కాస్ వద్దు. ఎందుకని అడగకు. నువ్వు అడగకు అంటే నేను అడగలేదు కదా, నా మాటా మన్నించు.

కిష్టయ్య


సోలాపూర్, కుంఠా నాకా
సెప్టెంబరు 14

కిష్టయ్యా,

రెండు రోజులంటావా? ముష్టివాడికి వేసినట్టు రెండు రోజులు వేస్తావా? నాకు ఒళ్లు మండిపోయింది. నీ ఉత్తరం చించబోతే వసంత లాక్కుంది.

అందుకని నీతో సంప్రదించడం మానేశాను. నేహా గది పట్టేసింది. కాస్ దాటి బామణోలి దారిలో ఒక రిసార్టు ఉంది, అక్కడ. 14 నుంచి ఏడు రోజులు, రెండు మంచాలు. నువ్వు రెండు రోజులే ఉంటే రెండు రోజులే ఉండు. మిగతా ఐదు రోజులు ఖాళీ మంచాన్ని చూసి నిన్ను తిట్టుకుంటాను.

ఆ రిసార్టే ఎందుకో చెబుతాను, కాస్త నవ్వుకుంటావు. మా పక్కింట్లోకి కిందటేడు అమోల్ అనే పిల్లవాడు వచ్చాడు, నువ్వు చూడలేదు. వాళ్లదీ నేసే ఇల్లే. మొన్న పెళ్లాంతో పూలు చూడటానికి అటు పోయి అక్కడే దిగాడు. వాన, జనరేటర్ మోత, ఎవరి మాటా వినపడటం లేదట. లోపలి నుంచి ట్రక్కు ఒకటి వెనక్కి వస్తుంటే గేటు దగ్గరి వాచ్‌మన్ పిడికిలి ఎత్తి రెండుసార్లు పక్కకు లాగాడట. డ్రైవర్‌కు ఏమీ అర్థం కాలేదు. అమోల్‌కు అర్థమైంది. "కాకా, ఆ మనిషి ట్రక్కును గాదు, సాంచెను ఆపుతున్నడు" అని మా గడపలో కూర్చుని పడీ పడీ నవ్వాడు. రెయిన్‌కోటు టోపీలో మొహం సరిగా కనపడలేదట. పేరు అడుగుదామనుకునేసరికి గేటు గదిలోకి పోయాడట.

ఖాయంగా మన పద్మశాలోడే. ఏ కార్ఖానాలో పనిచేశాడో, ఏ ఖర్మ చుట్టుకుని ఆ అడవిలో గేటు కాపలాకు చేరాడో పాపం. పోగానే పట్టుకుని నాలుగు చీవాట్లు పెట్టి సోలాపూర్ తీసుకొచ్చేస్తాను. నా దగ్గర పన్నెండు సాంచెలు ఉండగా చేతిలో పనున్నవాడు వచ్చే పోయే కార్లకు సలాం కొట్టడం ఏమిటి?

పురుషోత్తం


బామణోలి దారి, గేటు గది
సెప్టెంబరు 26

పురుషోత్తమా,

పైన ఊరి పేరు చూశావు కదా. ఇంక రాయడానికి పెద్దగా లేదు, అయినా రాస్తాను.

ఆ వాచ్‌మన్ నేనే. రెండేళ్ల నాలుగు నెలలు అయింది. ఇచల్‌కరంజిలో మా మాలిక్ పాత సాంచెలన్నీ తుక్కు కింద తూకానికి అమ్మేశాడు. గాలితో నేసే కొత్తవి తెచ్చాడు. వాటికి పానా, సుత్తి అక్కర్లేదు, పాతికేళ్ల పిల్లగాడు కంప్యూటర్ ముందు కూర్చుని వాటి రోగం చెబుతాడు. నేను ఒక వారం ఆ సాంచెల చుట్టూ తిరిగాను. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియలేదు. మాలిక్ మంచివాడే, "ఊడ్చే పని ఉంది మామా, ఉంటవా" అన్నాడు. నేను బిగించిన సాంచెలు నిలబడ్డ చోట చీపురు పట్టడం నాతో కాలేదు. ఎవరికీ తెలియని చోట ఏదైనా చూడమని అల్లుణ్ణి అడిగాను.

పూజకు, అల్లుడికి తప్ప ఎవరికీ తెలియదు. నీ ఉత్తరాలు పూజ ఇంటికి వస్తాయి. అది సాతారా బస్సు కండక్టర్ చేత పంపుతుంది, నేను రాసింది మళ్లీ అట్లాగే పోయి ఇచల్‌కరంజి పోస్టు డబ్బాలో పడుతుంది. నువ్వు లెక్కపెట్టిన పదిహేడు రోజులు అవీ. డ్రైవర్ ఎక్కడ పడుకుంటాడో నాకెట్లా తెలుసంటావా? నా గది పక్క గదిలోనే పడుకుంటాడు.

నీకే ఎందుకు చెప్పలేదో కూడా రాస్తాను. పోచయ్య కార్ఖానా విడిచి ఏటీఎం కాపలాకు పోయిన ఏడు నీకు గుర్తుందా? ఆ దసరాకు నేను సోలాపూర్‌లోనే ఉన్నాను. అశోక్ చౌక్‌లో చాయ్ తాగుతున్నాం, పది మంది ఉన్నారు. నువ్వు అన్నావు: "చేతిల పని ఉన్నోడు గేటు కాడ సలాం కొడ్తడా? పోచయ్య మనందరి ఇజ్జత్ తీసిండు." అందరూ నవ్వారు. నేను అందరికన్నా గట్టిగా నవ్వాను. ఇక్కడ మొదటి రోజు యూనిఫారం తొడుక్కున్నప్పుడు నాకు ఆ నవ్వే గుర్తొచ్చింది. మొన్న నీ ఉత్తరంలో మళ్లీ అదే మాట రాశావు. రాసింది నా గురించేనని నీకు తెలియదు, అంతే తేడా.

సోలాపూర్ నంబరు కారు కనపడితే మొహం తిప్పుకుంటాను. ఆ రోజు జనరేటర్ మోతకు ఒళ్లు మరిచిపోయాను, చెయ్యి దానంతటదే లేచింది.

నన్ను సోలాపూర్ తీసుకుపోతానన్నావు. జాలిపడి ఇచ్చే పనికి నేను రాను. ఇది నా పని, నెలకు రెండు సెలవులు, ఎవరూ నన్ను తిట్టరు. ఏడు రోజులు ఎందుకు రాలేనన్నానో ఇప్పుడు అర్థమైందా? నువ్వు ఈ గేటు ముందు దిగితే నేను గేటు తీయాలి, చెయ్యెత్తి సలాం కొట్టాలి, నీ సంచి మోయాలి. ఎవరికైనా చేస్తాను, నీకు చేయలేను. గది రద్దు చేయించు. రాకు.

కిష్టయ్య


సోలాపూర్, కుంఠా నాకా
అక్టోబరు 4

కిష్టయ్యా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి వసంత మీద అరిచాను, ఏ పాపం ఎరగని మనిషి. రెండోసారి చదివి కార్ఖానాకు పోకుండా పడుకున్నాను. మూడోసారికి నా కోపం దేని మీదో తెలిసింది, అది రాస్తాను.

వాచ్‌మన్ అయినందుకు కాదు. జూన్ నుంచి జలగలని, పొగమంచని, మోకాళ్లని, సున్నాలని నన్ను ఆడించావు. నేను జూన్‌లో ఉత్తరం రాసేటప్పుడు వసంత వంటింట్లోంచి పిలిస్తే వినపడేది. ఇప్పుడు ఎడమ పక్కకు వచ్చి నిలబడి చెప్పాలి. మొన్న జూన్‌లోనే "నేను ఇక్కడ ఉన్నాను, రా" అని రాసి ఉంటే నేను వానలోనే వచ్చేవాణ్ణి. మూడు నెలల చెవి పోగొట్టావు నాది. దాన్ని ఎవడు తెచ్చిస్తాడు?

రెండో కోపం నా మీద. అశోక్ చౌక్ మాట నాకు గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. నీకు ఇన్నేళ్లు ముల్లులా దిగిన మాట నేను చాయ్‌తో పాటు తాగేసి మరిచిపోయాను. అందుకని పోచయ్య దగ్గరికి పోయాను. దాజీ పేట్ ఏటీఎం దగ్గరే ఉన్నాడు ఇంకా. నేనిట్లా అన్నానట, నిజమేనా అని అడిగాను. ఆయన నా చెవి దగ్గరికి వచ్చి చెప్పాడు. "యాదికుంది పురుషోత్తం. నువ్వు అన్నది నాకు ఆ సాయంత్రమే తెల్సింది. గప్పటి సంది నీ కార్ఖానా ముంగట నుంచి పోత లేను." అంతే అన్నాడు. తిట్టలేదు. తన స్టూలు నాకు జరిపి తాను నిలబడ్డాడు. నేను కూర్చోలేకపోయాను. చేతులు జోడించి వచ్చేశాను.

సోలాపూర్ తీసుకొస్తానన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ పని నీది.

ఇంక అసలు సంగతి. గది రద్దు చేయించలేదు, చేయించను. 14న వస్తున్నాను. నేహా రాసిచ్చిన కాగితం మీద కాస్, ఠోసేఘర్, తాపోళా, మహాబలేశ్వర్ అన్నీ కొట్టేశాను. వసంత చూసి "మరి ఏం జూస్తవు ఏడు దినాలు?" అంది. కిష్టయ్యను చూస్తాను అన్నాను. నీకు సెలవు అక్కర్లేదు, రెండు రోజులూ అక్కర్లేదు, ఎవరి కాళ్లూ పట్టుకోకు. నువ్వు డ్యూటీ చేసుకో. నేను బస్సు దిగి నడిచి వస్తాను, గేటు నేనే తీసుకుంటాను, సంచి నేనే మోసుకుంటాను. చెయ్యి పైకెత్తావంటే ఆ చెయ్యి విరగ్గొడతాను.

మొదటి రోజంతా నేను తిడతాను, నువ్వు నోరు తెరవకూడదు. మిగిలిన ఆరు రోజులూ నీవి. రెండేళ్ల సంగతులు మొదటి నుంచి చెప్పు, నా ఎడమ పక్కన కూర్చుని చెప్పు. కార్లు వస్తే లేచి పోయి గేటు తీసిరా, ఎక్కడ ఆపావో నేను గుర్తుపెట్టుకుంటాను.

ఆ గేటు గదిలో రెండో కుర్చీ ఉందో లేదో పూజ చేత వెంటనే కబురు చేయించు. లేకపోతే ఇక్కడి నుంచే బస్సు మీద వేసుకుని తెస్తాను.

పురుషోత్తం